మా అత్తవారింట పలకని నెల

ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. మడతల దగ్గర చిరిగితే వెనక కాగితం అంటించి దాచాను. వయసు ఇరవై, మొదటి కాన్పు, దాని కింద నెలలు అన్నచోట నీలం సిరాతో తొమ్మిది అంకె. ఆ అంకె వేసిన రోజున నాకు ఎనిమిదో నెల వచ్చి పన్నెండు రోజులు. జరిగిపోయినదాన్ని మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. నేను ఆ తొమ్మిదినీ మరవలేదు, మరిచిపొమ్మన్నవాళ్లనూ మరవలేదు.

మా అత్తవారింట ఎనిమిదో నెల అన్న మాట పలకరు. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందనీ, ఎనిమిదో నెలలో పుట్టింది నిలవదనీ ఆ ఇంటి ఆడవాళ్ల నమ్మకం. నోటితో అంటే ఆ నెలని చేజేతులా ఇంట్లోకి పిలిచినట్టే. అందుకని ఏడు నిండగానే తొమ్మిది అనేస్తారు. ఆ నెలంతా తొమ్మిదే, దాని తర్వాతి నెలా తొమ్మిదే. ఏ తొమ్మిది ఏదో ఇంట్లోవాళ్లకి తెలుసు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. బయటివాళ్లకి తెలియదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మా అత్త నాకు పరాయిది కాదు, నాన్న తోడబుట్టింది. భీమునిపట్నం పక్కన మా పల్లెలోనే పుట్టి, పెళ్లయి విశాఖపట్నం వెళ్లింది. మేనరికం కాబట్టి పెళ్లయ్యాక కూడా నేను ఆవిడని అత్తా అనే పిలిచాను, ఆవిడ కొడుకైన నా మొగుణ్ని బావా అనే పిలిచాను. బావకి పోర్టులో పని, ఓడల్లోకి ఇనపరాయి ఎత్తే చోట. ఉక్కు ఫ్యాక్టరీకి అటు గాజువాక వైపు నేల చదును చేస్తున్న రోజులవి. అందరూ అక్కడ ఉద్యోగాలు వస్తాయని మాట్లాడుకునేవారు. మేము పాత ఊళ్లో కొండవాలున రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ఉతికి ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి ఎర్రదుమ్ముతో కావిరంగు తిరిగేది. కుళాయి కొండ కింద ఉంది. నలభై ఆరు మెట్లు. రోజు విడిచి రోజు నీళ్లు. వచ్చినరోజు ఆరు బిందెలు నేనే మోసేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడూ మోశాను. ఎవరూ వద్దనలేదు. నడిస్తే కాన్పు సులువవుతుందన్నారు.

ఆ మొదటిసారి వేవిళ్లు నన్ను పీల్చి పిప్పి చేశాయి. మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావు. ఒకరోజు అత్త తన చుట్ట నోట్లోంచి తీసి నాకిచ్చింది. మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ కాలుస్తారు. నిప్పున్న కొసని నోటిలోపల పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, బూడిద మీద పడదు, చేతులతో పని చేసుకోవచ్చు. మా అమ్మ నాట్లేస్తూ కాల్చేది. నాకు చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు రుచి చూడటమే తప్ప అలవాటు లేదు.

"ఒక్క దమ్ము లాగే గుంటా. వాంతులు ఆగిపోతాయి" అంది అత్త.

నిజంగానే ఆగాయి. ఒక్క దమ్ము కాస్తా రోజుకో చుట్ట, ఆ తర్వాత రెండు చుట్టలయ్యాయి. వేవిళ్లు పోయాక కూడా చుట్ట పోలేదు.

ఎనిమిదో నెలలో, ఇంట్లో లెక్క ప్రకారం తొమ్మిదిలో, ఒక ఆదివారం నడుం కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కి వదిలినట్టు అనిపించింది. కాసేపటికి మళ్లీ. నొప్పి అని చెప్పలేను. పొట్ట మాత్రం ఉండుండి రాయిలా బిగిసి, మళ్లీ మెత్తబడేది. బిడ్డ పూర్తిగా కిందికి జారి కూర్చున్నట్టు తొడల మధ్య బరువు. నాలుగు రోజులుగా ఒంటికి వెళ్తే మంట. మంగళవారానికి తెల్లగా జిగట కనిపించింది, బుధవారం అందులో గులాబీ రంగు చార. ప్రతిదీ అత్తకి చెప్పాను. మంటకి వేడి చేసిందన్నది, మజ్జిగ తాగమంది. బిగువుకి గాలి చేరిందన్నది, జీలకర్ర నీళ్లిచ్చింది. జిగటకి, అది అందరికీ అయ్యేదే అంది. పక్క వాటా ఆవిడ మొదటి కాన్పుకి ఇంత గోలేంటని నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. ఆవిడకి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ నెలలు నిండి పుట్టారు, అందుకని నవ్వగలిగింది.

గురువారం నొప్పులు పట్టాకగానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. బల్ల దగ్గర కూర్చున్న పడుచు సిస్టరు తల ఎత్తకుండానే ఎన్నో నెల అని అడిగింది.

"తొమ్మిది తల్లీ. నెలలు నిండిపోనాయి" అంది అత్త.

సిస్టరు తొమ్మిది వేసింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడలేదు. నెలలు నిండిన మనిషికి నొప్పులొస్తే చెయ్యాల్సిందే చేశారు, బేగి కానిమ్మని మందు ఎక్కించారు. సాయంత్రం నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. సిస్టరు దాన్ని పైకెత్తి పట్టుకుని, తొమ్మిది నెలలు మోసి ఇంతేనా, ఏం తిన్నావమ్మా, గాలా అని అడిగింది. గదిలో ఇంకో ఇద్దరు నవ్వారు.

పాప ఏడవలేదు. పిల్లిపిల్ల మూలిగినట్టు ప్రతి ఊపిరికీ చిన్న మూలుగు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోయేది. దూదిలో చుట్టి, పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టి, ఇంకు పిల్లరుతో పాలు పొయ్యమన్నారు. మింగలేదు. నేను దాన్ని ఒళ్లంతా చూశాను. భుజాల మీద పట్టులాంటి నూగు. చెవి మడిస్తే మడిచినట్టే ఉండిపోయింది, తిరిగి లేవలేదు. అరికాళ్లు గాజులా నున్నగా ఉన్నాయి, ఒక్క గీత లేదు. అప్పుడు నాకు వాటి అర్థం తెలియదు. ముద్దొచ్చాయి. మర్నాటి రాత్రి దాటలేదు పాప.

ఓడ పని తెమలక రెండ్రోజులు పోర్టులోనే ఉండిపోయిన బావ డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి గుంటా, గుంటడా, ఆడా మగా అని అడిగాడు. అప్పటికి పాపని తీసుకెళ్లిపోయారు. పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదు. అయినా ఆ ప్రశ్నని నేను మరవలేకపోయాను.

తర్వాత ఆసుపత్రి పెద్ద డాక్టరుగారి పేరున మూడు ఉత్తరాలు రాశాను. పదో తరగతి దాకా చదివినదాన్ని, రాయడం వచ్చు. ఎనిమిదో నెల మనిషికి తొమ్మిది వేసి కాన్పు తొందరపెట్టారనీ, పొట్ట తడిమి ఉంటే తెలిసేదనీ, నన్ను చూసి నవ్వారనీ రాశాను. జవాబు రాలేదు. నాలుగోసారి చీటీ పట్టుకుని నేనే వెళ్లాను. అక్కడి గుమస్తా చీటీ అటూ ఇటూ తిప్పి చూసి మర్యాదగానే మాట్లాడాడు.

"మీవాళ్లు చెప్పిందే కదమ్మా రాసింది. నువ్వూ అక్కడే ఉన్నావు కదా. కాదని ఒక్క మాట అనలేకపోయావా?"

ఆ గుమస్తా మీద నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఎందుకంటే నేను అక్కడే ఉన్నాను. అత్త తొమ్మిది అన్నప్పుడు బల్లకి రెండు అడుగుల దూరంలో, కిటికీ చువ్వ పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు వినిపించింది. నొప్పి అప్పుడే తగ్గి ఉంది, మాట్లాడగలను. కానీ అత్తగారి మాటకి పదిమందిలో అడ్డం చెప్పడం, పైగా ఆ మాటే పలకడం, నా వల్ల కాలేదు. ఆ చీటీని నేను పారెయ్యకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఏడు నెలలు తిరక్కుండా మళ్లీ నెల తప్పింది. ఈసారి నేనే ఐదో నెలలో ఆసుపత్రికి వెళ్లి చూపించుకున్నాను. లేడీ డాక్టరు పొగాకు అలవాటుందా అని అడిగింది. ఇస్త్రీ చీర, వేలికి ఉంగరం, చక్కటి మాట. లేదన్నాను. ఆవిడ ముందు నిప్పు నోట్లో పెట్టుకుంటానని ఎలా చెప్పను? బలం మాత్రలు రాసిచ్చింది. మాత్రలు వేసుకున్నాను, మీద చుట్టా కాల్చాను.

ఎనిమిదో నెల వచ్చింది. ఇంట్లో తొమ్మిది అన్నారు. నేను రోజూ లోపల్లోపలే ఎనిమిది అనుకునేదాన్ని.

తొమ్మిదో రోజున, ఎండ మాడుస్తున్న పదకొండింటప్పుడు, కుళాయి దగ్గర వరసలో ఉన్నాను. పొట్ట బిగిసింది. ఊపిరి బిగబట్టి చూశాను, వదిలింది. చేతికి గడియారం లేదు. కుళాయి కింద నిండుతున్న బిందెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు బిందెలు నిండాక మళ్లీ బిగిసింది. తర్వాత మళ్లీ నాలుగుకి. ఆ తర్వాత మూడుకే. నడుం కింద అదే పిడికిలి. నొప్పి లేదు. పోయినసారి కూడా మొదట నొప్పి లేదు.

నా వంతు రావడానికి రెండు బిందెలే ఉన్నాయి. వరస వదిలి మెట్లెక్కబోతూ, నా బిందె అక్కడే ఉంచి కాస్త చూడమని పక్క వాటా ఆవిడని అడిగాను. ఆవిడ కాలితో నా బిందెని వెనక్కి జరిపి తన బిందె పెట్టుకుంది.

"ఎల్తే ఎల్లు. బిందెకి కూడా నొప్పులొత్తన్నాయేటి?" అంది.

వరసంతా నవ్వింది. నేను బిందె వదిలేసి మెట్లెక్కాను.

ఇంట్లో అత్త బియ్యం ఏరుతోంది. ఆసుపత్రికి వెళ్దామన్నాను. దొంగనొప్పులై ఉంటాయనీ, కాసేపు తొంగుంటే తగ్గుతాయనీ, రెండింటికి బావ వచ్చాక చూద్దామనీ అంది. పోయినసారి నాలుగు రోజులు ఆగానన్నాను. అత్త చేట పక్కన పెట్టింది గానీ లేవలేదు. నేను చెప్పులేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఒక్కో మెట్టుకీ బిడ్డ జారిపోతుందేమోనని పొట్ట కింద రెండు చేతులూ పెట్టుకుని, పక్కకి తిరిగి దిగాను. ఇరవయ్యో మెట్టు దగ్గర వెనకాల అత్త చెప్పుల చప్పుడు వినపడింది.

రిక్షా దొరికింది. రైలు గేటు పడి ఉంది. ఇనపరాయి వేగన్లు పోర్టులోకి వెళ్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా. అది బావ పనిచేసే చోటికే వెళ్తున్న రాయి. వేగన్లు లెక్కపెట్టాను. పదిహేడో వేగనుకి ఒకసారి పొట్ట బిగిసింది. నలభయ్యోదానికి మళ్లీ. గేటు లేచేలోపు మూడోసారి. లోపల తడి అయింది. అది నీళ్లా, నెత్తురా అని చూసుకోవడానికి కూడా భయపడ్డాను. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఆసుపత్రిలో అదే బల్ల. ఈసారి కూర్చున్న సిస్టరు వేరే మనిషి, నడివయసు, శ్రీకాకుళం వైపు యాస. ఎన్నో నెల అని అడిగింది. అత్త నోరు తెరవకముందే నేను తెరిచాను. ఎని... అన్నానో లేదో అత్త అరచెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. అందరూ చూస్తుండగా. ఆ చేతి పొగాకు వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. ఆ చెయ్యి పట్టి లాగేశాను.

"ఎనిమిది. ఎనిమిదో నెల సిస్టరమ్మా, తొమ్మిదో రోజు. నిండనేదు. మా అత్త తొమ్మిదంటాది, రాయకండి. పోయినసారి అలగే రాసి నా పిల్లని సంపీసినారు."

సిస్టరు కలం ఆపింది. లేచి వచ్చి నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద అరచెయ్యి పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. కదల్లేదు. ఆ రెండు కాన్పుల్లోనూ నా పొట్ట ఏం చెబుతుందో వినడానికి ఆగిన మొదటి మనిషి ఆవిడ. మూడుసార్లు బిగువు అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. తర్వాత, నెత్తురు ఎలా ఉందో చూడాలి, నాలుక చూపించమంది. నాలుక చూసి, గడ్డం కాస్త పైకెత్తి అంగిలి చూసింది. అక్కడే ఆగిపోయింది.

నా అంగిలి అప్పటికే తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలి ఉండేది. అద్దంలో నేను చూసుకున్నదే.

"నిప్పు లోపలికేనా?" అని అడిగింది, నాకు మాత్రమే వినపడేలా. నేను కొంగుతో నోరు కప్పుకున్నాను. "మాయమ్మ కూడా కాల్చీది. నాకు తెల్దేటి. ఎన్ని?"

"రెండు. ఒక్కోరోజు మూడు."

చీటీలో అదీ రాసింది. లేడీ డాక్టరు వచ్చి చదివి, ఐదో నెలలో నేను లేదన్న సంగతి గుర్తు చెయ్యలేదు. అందుకు ఆవిడకి దణ్ణం. ఒక్కొక్కటీ అడిగింది: మొదటి పాప ఏ నెలలో పుట్టింది, ఎంత ఎడంలో మళ్లీ వచ్చింది, మేనరికమా, నీళ్లు ఎవరు మోస్తారు, మంట ఉందా. అప్పుడు ఒక్కటొక్కటిగా అన్నీ నా ముందుకి వచ్చి నిలబడ్డాయి. ఒకసారి ముందుగా కాన్పయినవాళ్లకి రెండోసారీ ఆ భయం ఎక్కువట. ఒళ్లు తేరుకోకుండా మళ్లీ కడుపు రావడం, నెత్తురు తక్కువ కావడం, ఒంటికి వెళ్లేచోట చీము పట్టడం, బరువులు, పొగాకు. ఇందులో ఏది చేసిందో తను చెప్పలేననీ, అన్నీ కలిసి ఉండొచ్చనీ అంది. చుట్ట పొగ బిడ్డకి అందే నెత్తుర్ని తగ్గిస్తుందనీ, బిడ్డ ఎదగదనీ అంది. అప్పుడు చెప్పింది, నెలలు నిండని బిడ్డకి అరికాళ్లలో గీతలుండవని. చెవి మడిస్తే లేవదని. మొదటి పాపని చూస్తే ఎవరికైనా తెలిసి ఉండేదని మాత్రం ఆవిడ అనలేదు. అది నేనే అనుకున్నాను.

మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. ఎడమవైపుకి తిరిగి పడుకోమన్నారు. బిగువు ఆపడానికి ఇంజక్షన్లు ఇచ్చారు. అవి ఇచ్చినప్పుడల్లా గుండె పరిగెత్తేది, చేతులు వణికేవి. సాయంత్రానికి బిగువులు దూరమయ్యాయి. తడి నీళ్లు కాదనీ, ఉమ్మనీరు పోలేదనీ చెప్పారు. బావ వచ్చి మంచం పట్టీ మీద కూర్చున్నాడు, ఈసారి ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి కుళాయి నీళ్లు ఆయనే మోశాడు. నలభై ఆరు మెట్ల సంగతి అప్పుడు తెలిసింది ఆయనకి. ఒక్కసారి కూడా నాతో అనలేదు గానీ, నడుం పట్టుకుని కూర్చోవడం చూశాను. జాలిపడలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం మళ్లీ మొదలైంది. పొట్ట బిగిసింది, కాసేపటికి మళ్లీ బిగిసింది. సిస్టరు ఇంజక్షన్ ఇచ్చి, గంట చూద్దాం, తగ్గకపోతే ఇక ఆపలేమని చెప్పి వెళ్లింది. ఆ గంటలో నాకు చుట్ట మీదికి మనసు పోయింది. ఐదు రోజులుగా లేదు. నాలుక పీక్కుపోతోంది, గుండె దడదడ, భయం. ఒక్క దమ్ము పడితే అన్నీ సర్దుకుంటాయనిపించింది. వేవిళ్లప్పుడు సర్దుకోలేదా? అత్త మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ నడుం దగ్గర సంచిలో చుట్టలున్నాయని నాకు తెలుసు. బయటికెళ్లి కాల్చి వచ్చిన వాసన అప్పుడే వచ్చింది.

ఇమ్మన్నాను. ముట్టించక్కర్లేదు, ఉత్తిదే నోట్లో పెట్టుకుంటానన్నాను. బతిమాలాను. ఆ మనిషిని నేను బతిమాలింది జీవితంలో అదొక్కసారే.

అత్త సంచి మీద చెయ్యి పెట్టి, నా పొట్ట వైపు చూసింది.

"ఇయ్యను. ఇది ఎనిమిదో నెల."

అని, ఏదైనా మీద పడుతుందేమో అన్నట్టు తల వంచుకుని కూర్చుంది. ఏమీ పడలేదు. పక్క మంచం ఆవిడ దగ్గింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"మొదటి చుట్ట ఇచ్చింది నువ్వే కదత్తా."

"అవునే. నానే ఇచ్చాను" అంది. లేచి, సంచి విప్పి, ఉన్న నాలుగు చుట్టలూ కిటికీలోంచి బయటికి విసిరేసింది. మళ్లీ వచ్చి కూర్చుంది. గంట గడిచేసరికి బిగువుల మధ్య ఎడం పెరిగింది. తర్వాత ఆగిపోయాయి.

ఇంటికొచ్చాక అత్త చుట్ట మానలేదు. ఇంట్లో కాల్చడం మాత్రం మానేసింది. నలభై ఆరు మెట్లు దిగి, కుళాయి గట్టు మీద కూర్చుని కాల్చి, మళ్లీ ఎక్కి వచ్చేది. నేను మానేశాను. మానడం తేలికైన పని కాదు, అందుకు నన్ను ఎవరూ మెచ్చుకోలేదు.

పంతొమ్మిది రోజులు ఆ ఎత్తు మంచం మీద ఉండి, ఇంకో వారం ఇంట్లో పడుకుని, అసలైన తొమ్మిదో నెలలోకి వచ్చాక మళ్లీ నొప్పులొచ్చాయి. ఈసారి ఆపక్కర్లేదన్నారు. ఆడపిల్ల. బల్ల మీద పెట్టగానే గదంతా వినపడేలా ఏడ్చింది. సన్నగా ఉంది, కానీ మూలగలేదు, పక్కలు లోపలికి పోలేదు, పాలు పట్టుకుంది. ముఖం తర్వాత చూడొచ్చని పొత్తి విప్పి పాదం తిప్పాను. వేళ్ల కింద నుంచి పాదం మధ్య దాటి గీతలున్నాయి. మడమ దగ్గర మాత్రం ఇంకా నున్నగానే ఉంది.

అత్తని పిలిచి చూపించాను. ఆవిడ వంగి, బొటనవేలితో ఆ గీతల్ని చాలాసేపు తడిమింది.

"ఆ గుంటకి నేవు" అంది.

అంటే మొదటి పాప అరికాళ్లలో గీతలు లేవని ఆవిడా చూసిందన్నమాట. ఆ రోజు దూదిలోంచి తీసి ఆ నున్నటి పాదాలు పట్టుకుంది, చూసింది, ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. నేను పాపని తీసుకుని పొత్తి కప్పాను. ఆవిడ పోయి ఏళ్లయింది. ఆ సంగతిని కూడా నేను మరవలేదు.